అంచుదాకా పోసిన టీ

ఆ రోజు కలీపా ఇంటికి నేను ఏడవడానికి వెళ్ళలేదు. ఆమె పరువు తీయడానికి వెళ్ళాను. ఆమె కోడలు, మా చెల్లెలు గుల్జీనా పోయి ఏడాది అయింది. ఏడాది విందుకు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. ఎవరు ఎలా ఏడ్చారో, ఎవరికి ఏ ముక్క మాంసం పడిందో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఒక మనిషి పరువు తీయడానికి అంతకన్నా మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

నా పేరు బురుల్చా. నారిన్ వెళ్ళే రోడ్డు పక్కన గుడారం వేసుకుని, గుర్రం పాలు పులియబెట్టి కుమిస్ అమ్ముకుంటాను. నా నోరు మంచిది కాదని మా ఊరంతా అంటారు. అననివ్వండి. అమ్మ పోయాక గుల్జీనాను జీను మీద నా ముందు కూర్చోబెట్టుకుని పెంచింది ఈ నోరే. అది మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకు, ముప్పై ఎనిమిదో ఏట దాని కడుపు పండింది. ఆ కబురు చెప్పడానికి ఫోన్ చేసి, చెప్పలేక, ఊరికే నవ్వుతూ కూర్చుంది. నేను అవతల నుంచి తిట్టాను, ఏమైందో చెప్పి చావవే అని.

ఆ ఏడే ఆ మహమ్మారి వచ్చింది. నేనే దాన్ని పట్నం తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాను. సన్నగా, రివటలా ఉన్న చిన్న పిల్ల ఆ డాక్టరు. ముఖం మీద మాస్కు, కళ్ళ నిండా నిద్ర.

"చూడమ్మా," అంది. "కడుపు పెరిగేకొద్దీ బిడ్డ పైకి తోసుకొస్తుంది, నీ ఊపిరితిత్తులకు చోటు తగ్గిపోతుంది. అందుకే ఈ చివరి నెలల్లో ఈ జబ్బు అంటుకుంటే, కడుపుతో లేనివాళ్ళకన్నా నీకు గట్టిగా పట్టుకుంటుంది. దానికి తోడు నీకు షుగర్ ఉంది. బరువుంది. వయసు ముప్పై అయిదు దాటింది. బీపీ కూడా ఎక్కువే. ఒక్కోటీ ఒక్కో ప్రమాదం, అవన్నీ నీ ఒంట్లోనే కాపురం పెట్టాయి. జనంలోకి వెళ్ళకు. జనాన్ని నీ దగ్గరికి రానివ్వకు."

"జనాన్ని రానివ్వకపోతే మా అత్త నన్ను కోడలంటుందా డాక్టరమ్మా?" అని నవ్వింది గుల్జీనా.

"ముందు బతికుండు. తర్వాత ఏమైనా అననీ," అంది ఆ పిల్ల. నవ్వలేదు.

ఆ మాటలన్నీ మూటగట్టుకుని నేనే వెళ్ళి కలీపాకు చెప్పాను. పొల్లు పోకుండా చెప్పాను. షుగర్ సంగతి, బీపీ సంగతి, ఊపిరితిత్తుల సంగతి. ఆవిడ పిండి పిసుకుతూ తల కూడా ఎత్తలేదు.

"నేను ఆరుగుర్ని కన్నాను కుదగీ," అంది. వియ్యపురాలిని మేము అలాగే పిలుచుకుంటాం. "ఆఖరివాణ్ణి మంచులో, గొర్రెల వెనకాల కన్నాను. కని, వాణ్ణి కోటులో చుట్టుకుని మళ్ళీ గొర్రెల్ని తోలుకుంటూ ఇంటికొచ్చాను. కడుపుతో ఉండటం కూడా జబ్బేనా? మీ ఇంట్లో అన్నీ జబ్బులే."

ఒళ్ళు మండిపోయింది. కానీ ఆడపిల్లనిచ్చినదాన్ని, నోరు మూసుకుని వచ్చాను.

ఆ వేసవిలోనే కలీపాకు అరవై అయిదు నిండాయి. రోడ్లు అప్పుడే తెరిచారు. ఆవిడకు విందు చేసుకోవాలనిపించింది. రాజధాని బిష్కెక్ నుంచి అన్నదమ్ములొచ్చారు, లోయ కిందనుంచి చుట్టాలొచ్చారు. ఆ రోజంతా వాన. అందరూ ఒకే గుడారంలో ఒకరి మోకాళ్ళ మీద ఒకరు కూర్చున్నారు. పైన పొగ పోయే కంత మీదకు కూడా కంబళి లాగేశారు. తలుపు దగ్గర, టీ నీళ్ళు మరిగే సమోవార్ పక్కన, ఎనిమిదో నెల కడుపుతో మా గుల్జీనా కూర్చుని టీ పోసింది.

మా దగ్గర టీ ఎలా పోస్తారో చెప్తేగానీ మీకు నా మంట అర్థం కాదు. గిన్నెలో సగం కూడా పోయం. అడుగున ఇంత పోసి ఇస్తాం. తాగాక ఆ గిన్నె మళ్ళీ కోడలి చేతికే వస్తుంది, మళ్ళీ ఇంత పోస్తుంది. ఎన్నిసార్లు తిరిగితే అంత ఆదరం. నువ్వు ఇంకా కాసేపుండు, నీకు పోస్తూ ఉండటం నాకిష్టం అని చెప్పడం అన్నమాట. అదే గిన్నె అంచుదాకా నింపి ఇచ్చారంటే, తాగి లేచి వెళ్ళిపో అని. పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఊళ్ళో పరాచికానికి కూడా ఎవరూ అలా పోయరు.

అంటే ఆ గుడారంలో ఉన్న ప్రతి నోటి ఎంగిలీ, ప్రతి దగ్గూ, మళ్ళీ మళ్ళీ తిరిగి మా చెల్లెలి చేతికే వచ్చింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా. అది ముక్కుకు గుడ్డ కట్టుకుంటే కలీపా అందరి ముందూ లాగిపారేసింది. "ముఖం కప్పుకుని టీ పోస్తావా? వచ్చినవాళ్ళు దొంగలనుకున్నావా?" అంది. జనం నవ్వారు. మా మరిది మక్సత్, దాని మొగుడు, తల వంచుకుని తన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరక్కుండానే జ్వరం. తర్వాత ఆయాసం. ఆసుపత్రి వరండాలో మంచం కూడా దొరకలేదు, బెంచీ మీద పడుకోబెట్టారు. ఆ సన్నటి డాక్టరమ్మే వచ్చి కడుపు కోసి బిడ్డను తీసింది. మగపిల్లాడు. ఏడవలేదు. మర్నాడు వాళ్ళమ్మ కూడా పోయింది.

మట్టి చేసిన రోజు కలీపా నా భుజం మీద చెయ్యేసి అంది కదా, "బలహీనమైన మనిషి, పాపం. మీ రక్తమే అంత, కుదగీ."

ఆ చెయ్యి బరువు నా భుజం మీద ఇప్పటికీ ఉంది.

ఏడాదంతా నేను శోకం పాట కట్టాను. గుర్రాల పాలు పితుకుతూ కట్టాను, తోలుతిత్తిలో కుమిస్ చిలుకుతూ కట్టాను. పోయినవాళ్ళ మీద ఆడవాళ్ళు శోకం తీస్తుంటే మధ్యలో ఆపే హక్కు ఎవరికీ లేదు, ముల్లాకు కూడా లేదు. కాబట్టి గోడ వైపు తిరిగి, నడుం మీద చేతులేసుకుని, జనం అందరూ వింటుండగా కలీపా చేసినదంతా పేరుతో సహా పాడతాను. ముసలిది తల ఎక్కడ పెట్టుకుంటుందో చూద్దాం అనుకున్నాను.

వెళ్ళాను. గుర్రం దిగకముందే గొంతెత్తాను. గుడారంలోకి వెళ్ళి గోడ వైపు కూర్చుని పాడాను.

ముఖాన గుడ్డ లాగిన చెయ్యి ఎవరిదే చెల్లీ,
కడుపున బిడ్డ ఉందని చెప్పినా విననిదెవరే చెల్లీ,
ఆ చెయ్యి కలీపాదే చెల్లీ, ఆ చెవులు కలీపావే చెల్లీ...

ఏమైందనుకున్నారు? ఏమీ కాలేదు. కలీపా నా పక్కనే కూలబడి నాకన్నా గట్టిగా ఏడ్చింది. "అయ్యో నా కోడలా, నా బంగారమా!" అని గుండెలు బాదుకుంది. జనం కళ్ళు తుడుచుకున్నారు. అక్కడున్న ముసలమ్మ ఒకావిడ నా మోకాలు తట్టి, "ఎంత బాగా ఏడ్చావమ్మా! మనసులో ఉన్నదంతా కక్కేశావు. నా చావుకు నిన్నే పిలవాలి," అంది. శోకంలో ఎవరైనా ఎవరినైనా తిడతారు, దేవుణ్ణి కూడా తిడతారు. అదంతా దుఃఖమే అనుకుని జనం మెచ్చుకుని వదిలేశారు. ఏడాది పాటు నూరిన కత్తి ఉల్లిపాయ కోయడానికి కూడా పనికి రాలేదు.

తిరిగి చూద్దును కదా, తలుపు దగ్గర, అదే సమోవార్ పక్కన, ఇంకొక పిల్ల.

పెరిజాత్. మక్సత్ కొత్త పెళ్ళాం. మా చెల్లెలి సమాధి మీద మంచు పడకముందే తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. బొద్దుగా, గుండ్రంగా, కడుపు మెడ దాకా ఉంది. కాళ్ళు వాచి చెప్పుల్లోంచి పొంగుకొచ్చాయి. ఒక గిన్నె పోయడం, పక్కనున్న చెంబులోంచి గటగటా నీళ్ళు తాగడం. మళ్ళీ గిన్నె, మళ్ళీ నీళ్ళు. ఆ దాహం నాకు తెలుసు. మా గుల్జీనాకు పట్టిన దాహమే అది.

ఎదురుగా పెద్దల చోటులో కలీపా అన్న ఎసెన్ కూర్చున్నాడు. బిష్కెక్ నుంచి ఆ పొద్దున్నే దిగాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఉండుండి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

"దారిలో దుమ్ము," అన్నాడు ఎవరో అడిగితే. "టీ పడితే పోతుంది. పోయమ్మా కోడలా, వేడిగా పోయ్."

అతని గిన్నె చేతులు మారి పెరిజాత్ దగ్గరికి వచ్చింది. మా ఊళ్ళల్లో ఆ జబ్బు మళ్ళీ లేచిందని, ఆసుపత్రి మళ్ళీ నిండిందని ఆ గుడారంలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ నోరెత్తలేదు.

నేను నిజం చెప్తాను, మీరు ఏమన్నా అనుకోండి. ఆ పిల్లను చూసి నాకు జాలి కలగలేదు. అంటుకోనీ అనుకున్నాను. ఇంకొక కోడలు పోనీ, ఇంకొక మనవడు పోనీ. కలీపా ఇంకోసారి మట్టి వేయనీ, అప్పుడు తెలుస్తుంది దానికి. ఆ ఆలోచన నోట్లో చక్కెర ముక్కలా కరిగింది. దాన్ని చప్పరిస్తూ బయటికి వెళ్ళి, మాంసం ఉడుకుతున్న బానల దగ్గర నిలబడ్డాను.

సమోవార్లోకి నీళ్ళ కోసం ఆ పిల్ల బయటికి వచ్చింది. బకెట్ ఎత్తబోయి, ఎత్తలేక, నడుం పట్టుకుని నన్ను చూసింది.

"ఎజే," అంది మెల్లగా, అక్కా అని. "ఒకటడగొచ్చా? మీ చెల్లెలు షుగర్ సంగతి దాచిపెట్టిందంట కదా? అపా చెప్పింది. ముందే చెప్పుంటే దాన్ని పనిలోకే రానిచ్చేదాన్ని కాదంది."

"ఎవరు చెప్పింది?"

"అపా. మా అత్త."

నా నోటితో నేను చెప్పిన మాటలు! పిండి పిసుకుతూ విన్న మాటలు!

"అందుకే నేను దాచలేదు ఎజే," అంది ఆ పిల్ల. "నాకూ షుగర్ ఉందన్నారు. అపాకు చెప్పాను. విందు అయిపోనీ, తర్వాత పడుకుందువుగానీ అంది. ఎజే... నాకూ మీ చెల్లెలికి అయినట్టే అవుతుందా?"

నోట్లో ఉన్న చక్కెర ఒక్కసారిగా చేదెక్కింది. ఎందుకంటే అప్పుడే నాకు అంతా కనబడింది. ఈ పిల్ల చస్తే కలీపాకు ఏమవుతుంది? ఏమీ కాదు. గుండెలు బాదుకుని ఏడుస్తుంది. జనం కళ్ళు తుడుచుకుంటారు. ఈ పిల్ల తల్లి భుజం మీద చెయ్యేసి, మీ రక్తమే బలహీనం అంటుంది. మూడోదాన్ని తెచ్చుకుంటుంది. ఈ పిల్ల చావు నాకు పగ తీర్చదు, కలీపాకు ఇంకో విందు ఇస్తుంది. అది మాత్రం నా గొంతులో ప్రాణం ఉండగా జరగనివ్వను.

"బకెట్ వదిలెయ్. ఇక్కడే, గాలిలో కూర్చో. లోపలికి అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను," అన్నాను.

"అపా తిడుతుంది ఎజే..."

"తిట్టనీ. తిట్టే ఓపిక ఇవాళ సాయంత్రానికి ఉంటే అప్పుడు చూద్దాం."

ముక్కుకూ నోటికీ నా తలగుడ్డ చుట్టుకుని, బకెట్ పట్టుకుని లోపలికి వెళ్ళాను. సమోవార్ నింపి, పెరిజాత్ చోటులో కూర్చున్నాను.

కలీపా ఉలిక్కిపడింది. "అదేంటి కుదగీ! మీరు పోయడమేంటి? మీరు పెద్దవాళ్ళ వైపు కూర్చోవాలి. కోడలేది?"

"ఇవాళ నా చెల్లెలి రోజు," అన్నాను అందరికీ వినబడేలా. "అది బతికుంటే ఇక్కడ కూర్చుని పోసేది. దాని బదులు నేను పోస్తాను. నా చేతి టీ కాదనేవాళ్ళున్నారా?"

చనిపోయిన మనిషి అక్క, ఆ మనిషి పేరు మీద పోస్తానంటే కాదనే మొనగాడు మా నేల మీద ఇంకా పుట్టలేదు. అందరూ అయ్యో పాపం అన్నట్టు తలూపారు.

మొదటి గిన్నె ఎసెన్‌ది. పాలు పోశాను, డికాషన్ పోశాను, నీళ్ళు పోశాను. సగం దగ్గర ఆగలేదు. పైకి వచ్చింది, ఇంకా పైకి వచ్చింది, అంచు దగ్గర వణుకుతూ నిలబడింది. ఒక చుక్క కూడా ఒలకలేదు, నా చెయ్యి అంత నిదానంగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, ఎంతో మర్యాదగా అతని ముందు పెట్టాను.

ఎసెన్ గిన్నె వైపు చూశాడు. నా వైపు చూశాడు. దగ్గు కూడా ఆగిపోయింది.

రెండో గిన్నె. అంచుదాకా. మూడోది. అంచుదాకా. గిన్నెలు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్ళేటప్పుడు, ఒలికిపోతుందేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు. ఒక చిన్న పిల్ల మాత్రం, "అమ్మా, నిండా పోసింది!" అని అరిచింది. వాళ్ళమ్మ నోరు మూసింది.

"కుదగీ! ఏం చేస్తున్నావ్?" కలీపా గొంతు పీలగా వచ్చింది.

"టీ పోస్తున్నాను."

"నిండా పోస్తున్నావ్!"

"అవును, నిండా పోస్తున్నాను. పోయినేడు మా చెల్లెలు ఈ చోటులో కూర్చుని సగం సగం పోసింది. మీ అందరినీ ఇంకా ఉండండి, ఇంకా ఉండండి అని అడిగింది. మీరు ఉన్నారు. మీ దగ్గులు కూడా ఉన్నాయి. దాని బిడ్డ లేడు, అది లేదు." నేను అరవలేదు. గిన్నె పోస్తూ, గిన్నె వైపే చూస్తూ చెప్పాను. "దానికి షుగర్ ఉందని, ఇలా జనంలో కూర్చోబెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఈవిడ పిండి పిసుకుతుంటే నేనే వచ్చి ఈవిడకు చెప్పాను. దాచిందట మా చెల్లెలు! బయట ఇంకొక పిల్ల కూర్చుంది చూడండి. అదే కడుపు, అదే షుగర్, అదే సమోవార్. కలీపాకు సంవత్సరానికొక కోడలు సరిపోతుందేమో. నాకు మాత్రం ఒక్క చెల్లెలే. తాగండి. తాగి లేవండి."

ఇప్పుడు అది శోకం కాదు కదా. గోడ వైపు తిరిగి పాడింది కాదు. ముఖం ముందు పెట్టిన గిన్నె. దాన్ని ఎవరు మెచ్చుకుంటారు?

ముందుగా లేచింది నా మోకాలు తట్టిన ముసలమ్మే. గిన్నె ఎత్తి ఒక గుక్క తాగి, రెండు చేతులతో ముఖం తుడుచుకుని దీవెన చెప్పుకుని, కలీపా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. తర్వాత ఆడవాళ్ళు. తర్వాత ముల్లా, గొంతు సవరించుకుంటూ. ఎసెన్ టోపీ వెతుక్కుంటూ తన చెల్లెలు కలీపా మీద ఏదో గొణిగాడు. బయట గుర్రాల చప్పుడు, కార్ల చప్పుడు. బానల్లో మాంసం అలాగే ఉడుకుతోంది. మాంసం ముట్టకుండా జనం లేచిపోయిన ఇల్లు మా జిల్లాలో నేనెరిగి లేదు. మా చెల్లెలి విందు కూడా చెడింది, నాకు తెలుసు. దానికి కోపం రాదు. అది ఎప్పుడూ నా మీద కోపం తెచ్చుకోలేదు.

కలీపా గుడారం మధ్యలో, నిండు గిన్నెల మధ్య నిలబడింది. ఆమె మొహం మాడిపోయింది. "నన్ను నాశనం చేశావే," అంది.

"ఇంకా చెయ్యలేదు," అన్నాను.

బయటికి వచ్చి మక్సత్ దగ్గరికి వెళ్ళాను. వాడు అప్పుడు కూడా నేల చూపులే చూస్తున్నాడు. "కారు తియ్యి," అన్నాను. "నీ పెళ్ళాన్ని వాళ్ళ అమ్మ దగ్గర దించు. పురుడయ్యేదాకా అక్కడే. మళ్ళీ తల దించుకుని కూర్చున్నావో, నీ తలే ఉండదు."

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. పెరిజాత్ వైపు చూశాడు. జేబులోంచి తాళం తీశాడు. ఆ ఒక్క తాళం పోయినేడు తీసి ఉంటేనా! ఆ మాట అనబోయి, ఆ పిల్ల ముఖం చూసి మింగేశాను.

వేసవి చివర్లో పెరిజాత్‌కు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ఆసుపత్రి నుంచే నాకు ఫోన్ చేసింది. తర్వాత వారానికోసారి చేస్తూనే ఉంది. అత్తగారింటికి మాత్రం తిరిగి రాలేదు. మక్సత్ కూడా అక్కడే, మామగారి గొర్రెలు కాస్తూ ఉండిపోయాడు.

మరుసటి ఏడు, కొండల మీద గడ్డి పచ్చబడే రోజుల్లో కలీపా మా గుడారం ముందు బస్సు దిగింది. చిక్కి సగమైంది. పిలవకుండానే వచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఊళ్ళో నన్నెవరూ పిలవట్లేదు కుదగీ," అంది. "మనవరాలిని నాకు చూపించట్లేదు. పెరిజాత్ మీ మాట వింటుంది. ఒక్క మాట చెప్పండి."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి.

"మీ చెల్లెలు దాచలేదు," అంది నేల చూస్తూ. "మీరు చెప్పారు. నేనే వినలేదు. ముసుగు కూడా నేనే లాగాను. చాలా?"

ఆ మాట కోసం నేను ఏడాది పైనే ఎదురు చూశాను. వింటే నా కడుపు మంట చల్లారుతుందనుకున్నాను. విన్నాను. చల్లారలేదు.

"దారంతా దాహంగా ఉంది," అంది కలీపా. "ఒక్క సగం గిన్నె పోయండి కుదగీ."

గిన్నె తీశాను. పాలు పోశాను, డికాషన్ పోశాను. సగం దాకా వచ్చినప్పుడు ఆమె కళ్ళు నా చేతి మీదే ఉన్నాయి. నేను ఆపలేదు. అంచుదాకా పోసి, ఒక్క చుక్క ఒలకకుండా రెండు చేతులతో ఆమె ముందు పెట్టాను.

కలీపా ఆ గిన్నె వైపు చూసింది. తర్వాత ఎత్తి, నోరు కాలుతున్నా ఆపకుండా తాగి, లేచింది. బస్సు వచ్చేదాకా రోడ్డు అవతల నిలబడింది. నేను రెండో గిన్నె పోయలేదు.